ఈ ఊరిదాన్నే

చాండ్లర్,
సెప్టెంబర్ 2023

వదినా,

కంగారుపడకు. ఉత్తరం చూడగానే ఎవరికేమయిందోనని నీ గుండె గుభేలుమని ఉంటుంది. ఎవరికీ ఏమీ కాలేదు, నా గొంతుకి తప్ప. ఆపరేషన్ బాగానే జరిగింది. లోపల కాయలు కాచాయట, తీసేశారు. ఆదివారం తెలుగు క్లాసులో ఇన్నేళ్ళుగా పిల్లల చేత "ళ" అనిపించడానికి అరిచీ అరిచీ కాచిన కాయలు. చేతులకి కాయలు కాచినవాళ్ళని చూశాం గానీ, మాట్లాడి మాట్లాడి గొంతుకి కాయించుకున్నది నేనొక్కదాన్నే అయ్యుంటాను. కొన్నాళ్ళపాటు గుసగుసగా కూడా మాట్లాడకూడదంది డాక్టరమ్మ.

ఆ మాట చెప్పినప్పుడు రాధాకృష్ణ మొహం నువ్వు చూడాల్సింది. మా పెళ్ళయ్యాక ఆయన అంత ప్రశాంతంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. "కావాలంటే ఇంకో నెల ఎక్స్‌టెండ్ చేయండి డాక్టర్, మాకేం ప్రాబ్లెం లేదు" అన్నాడు. నేను తిట్టలేనని ధైర్యం.

ఫోన్లో టైప్ చేద్దామంటే నేనొకటి కొడితే అదొకటి రాస్తోంది. అందుకని కాగితాలు తెప్పించాను. ఇందులో ఇంకో సుఖం కూడా ఉంది. నీ కూతురు దేదీప్యకి తెలుగు మాట్లాడటం వచ్చు గానీ చదవడం రాదు. మనం ఎవరి మీద ఏం చెప్పుకున్నా బయటికి పొక్కదు.

ఇక అసలు మాట. ఆపరేషన్‌కి వస్తావనుకున్నాను. టికెట్ నేనే బుక్ చేస్తానన్నాను. "వీలు కాదులే" అన్నావు. గృహప్రవేశానికీ అదే మాట. దివాకర్ అన్నయ్య పోయాక నువ్వు ఒక్కసారి కూడా మా గడప తొక్కలేదు. మేమే రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళాం. అన్నయ్యతోటే మన చుట్టరికం కూడా పోయిందా వదినా? మాట్లాడగలిగిన రోజుల్లో ఈ ప్రశ్న నా నోటికి రాలేదు. నోరు మూసుకున్నాక చేతికొచ్చింది.

కోపం వస్తే నాలుగు తిట్టి రాయి. రాయడం మాత్రం మానకు.

త్రివేణి


ఫ్రీమాంట్,
సెప్టెంబర్ 2023

త్రివేణీ,

నీ దస్తూరీ చూసి ఎన్నాళ్ళయింది! నా పెళ్ళయిన కొత్తలో హాస్టల్ నుంచి నాకు రాసినట్టే ఇప్పుడూ తలకట్లు మర్చిపోతున్నావు. నువ్వు మళ్ళీ తెలుగు పంతులమ్మవి! ఆ పిల్లలు ఏమైపోతున్నారో.

గొంతు జాగ్రత్త. నీకు పనికొస్తాయని కొన్ని బొమ్మలు గీసి ఇందులో పెట్టాను. చేతులతో మాట్లాడే మాటలు. మూడు వేళ్ళు గడ్డానికి తాటిస్తే మంచినీళ్ళు. ఒక పిడికిలి మీద ఇంకో పిడికిలి పెట్టి తిప్పితే కాఫీ. గడ్డం దగ్గర నుంచి అరచెయ్యి ముందుకి చాపితే థాంక్యూ. ఇది మీ ఇంట్లో ఎవరికైనా అవసరం పడుతుందో లేదో తెలియదు.

ఇవన్నీ నాకు ప్రియ నేర్పింది. నేను చూసుకునే పాప, శ్రీవల్లి కూతురు. దానికి పుట్టినప్పటి నుంచీ వినపడదు. వినపడని పిల్లల బడి ఈ ఊళ్ళో ఉందనే శ్రీవల్లి వాళ్ళు ఇక్కడికి మారారు. ఈ ఊళ్ళో కాఫీ షాపుకెళ్ళినా, పార్కుకెళ్ళినా చేతులతో కబుర్లు చెప్పుకునేవాళ్ళు కనపడుతూనే ఉంటారు. నాకు మొదట్లో వింతగా ఉండేది. ఇప్పుడు పక్క బల్ల వాళ్ళ కబుర్లు దొంగచాటుగా చూస్తున్నాను.

కానీ మొన్న పార్కులో ప్రియ నన్ను ఏదో అడిగింది. నాకు అర్థం కాలేదు. మళ్ళీ అడిగింది, ఇంకా వేగంగా. నేను తెల్లమొహం వేశాను. అది విసుక్కుని కళ్ళు మూసేసుకుంది. మనం అలిగితే మాట్లాడటం మానేస్తాం, అది చూడటం మానేస్తుంది. ఇక దాన్ని పిలవడానికి నా దగ్గర దారి ఉండదు. ఆ కళ్ళ ముందు అలాగే కూచుండిపోయాను.

అందుకే కమ్యూనిటీ కాలేజీకి వెళ్ళాను. అక్కడ ఈ సంజ్ఞల భాష మొదటి నుంచీ నేర్పుతారు. పెద్దవాళ్ళకి చదువు చెప్పే అడల్ట్ స్కూల్లో హైస్కూల్ డిప్లొమా వేసవిలోనే చేతికొచ్చింది కదా, ఆ ధైర్యం. కౌంటర్‌లో అమ్మాయి "ఆర్ యూ ఎ కాలిఫోర్నియా రెసిడెంట్?" అని అడిగింది. తర్వాత వస్తానని చెప్పి వచ్చేశాను. ఎండ కూడా బాగా ఉంది ఆ రోజు.

చాండ్లర్ రావడం గురించి తీరిగ్గా రాస్తాను. ప్రియ నిద్ర లేచే వేళయింది.

గిరిజ


చాండ్లర్,
అక్టోబర్ 2023

వదినా,

పొద్దున్నే లేచి రాధాకృష్ణ ఎదుట నిలబడి, పిడికిలి మీద పిడికిలి పెట్టి నువ్వు గీసినట్టే తిప్పాను. ఆయన రెండడుగులు వెనక్కి వేసి, "ఇప్పుడు నేనేం చేశాను? నన్ను పచ్చడి చేస్తానంటున్నావా?" అన్నాడు. కాదని తల ఊపి ఇంకొంచెం గట్టిగా తిప్పాను. "సరే, సారీ" అన్నాడు. ఎందుకు చెప్పాడో ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు. కాఫీ నేనే పెట్టుకున్నాను. కానీ వదినా, ఆ సంజ్ఞకి సారీ వస్తుందని తెలిశాక రోజూ వాడుతున్నాను.

నీ ఉత్తరం మాత్రం నాకు మింగుడుపడలేదు. రెసిడెంటువా అని అడిగితే ఎండగా ఉందని వచ్చేసేవాళ్ళని నిన్నే చూశాను. దేదీప్య పుట్టక ముందు నుంచీ ఆ రాష్ట్రంలో ఉన్నావు. అవునని చెప్పడానికి ఇంకేం కావాలి? చాండ్లర్ సంగతి తీరిగ్గా రాస్తానన్నావు. పాప నిద్ర లేచిందన్నావు. ఫోన్లో అయితే నువ్వు మాట మార్చగానే నేనూ ఇంకో కబుర్లో పడి మర్చిపోయేదాన్ని. ఉత్తరంలో దొరికిపోతావు. మళ్ళీ మళ్ళీ చదువుకుంటున్నాను.

ఏం దాస్తున్నావు? జబ్బు చేసిందా? ఎవరైనా బెదిరిస్తున్నారా? ఎవరైనా మనసుకి నచ్చారా? ఇదే నిజమైతే చెప్పు, నేనే దగ్గరుండి పెళ్ళి చేస్తాను. దివాకర్ అన్నయ్య కూడా వద్దనడు.

ఏదైనా సరే, చెప్పు.

త్రివేణి


ఫ్రీమాంట్,
అక్టోబర్ 2023

త్రివేణీ,

జబ్బు లేదు. ఎవరూ బెదిరించలేదు, ఎవరూ నచ్చలేదు. ఈసారి తిన్నగా చెబుతాను.

నాకు కాగితాలు లేవు.

మీ అన్నయ్య వీసా మీదే కదా నా వీసా. ఆయనతోటే అదీ పోయింది. కర్మకాండలు అయ్యాక లాయర్ దగ్గరికి వెళ్తే, "ఐ యామ్ సారీ ఫర్ యువర్ లాస్" అని, దేశం వదలడానికి ఎంత గడువుందో ఆ నోటితోనే చెప్పాడు. అప్పుడు దేదీప్య రెండో తరగతి. ఆయన అస్థికలు ఇక్కడి సముద్రంలోనే కలిపాం కదా. "నాన్న ఇక్కడే ఉన్నాడు కదమ్మా, మనం ఎందుకు వెళ్ళాలి?" అని అడిగింది. ఈ ఏడు బడి అయ్యాక వెళ్దాంలే అనుకున్నాను. అది అయ్యాక ఇంకో ఏడు. గడువు ఎప్పుడో దాటిపోయింది, మేం ఉండిపోయాం.

నాకు గ్రీన్ కార్డు వచ్చే ఉంటుందని మీరందరూ అనుకున్నారు. నేను అవుననలేదు, కాదనలేదు. అన్నయ్యని పోగొట్టుకున్న పిల్లకి వదిన దిగులు కూడా ఎందుకని. ఎయిర్‌పోర్టులో ఆ యూనిఫారాలవాళ్ళు నా కాగితాలు అడుగుతారేమోనని భయం. దేశం లోపల తిరిగితే ఏం కాదని కొందరంటారు, ఏమో. నీ గృహప్రవేశం రోజు ఇక్కడ పట్టుచీర కట్టుకుని, పూలు పెట్టుకుని, వీడియోలో చూస్తూ కూచున్నాను. చుట్టరికం పోలేదే పిచ్చిదానా.

కాగితాలు లేకపోతే ఎన్నేళ్ళున్నా కాలేజీ లెక్కలో రెసిడెంటు కాదు. అయినా అప్లికేషన్లో అవునని రాసెయ్యొచ్చు. అబద్ధం మీద కూచుని చదువుకోవడం నావల్ల కాదు. నిజం రాస్తే బయటివాళ్ళ ఫీజు. ఇక్కడివాళ్ళు కట్టేదానికి అది ఎన్ని రెట్లో చూసి ల్యాప్‌టాప్ మూసేశాను. డబ్బు పంపిస్తానని రాయకు. రాస్తే చింపేస్తాను.

పోనీలే. లైబ్రరీలో పుస్తకాలున్నాయి, ప్రియ ఉంది. నేర్చుకున్నంత నేర్చుకుంటాను. ఇది చదివి ఏడవకు, గొంతుకి మంచిది కాదు.

గిరిజ


చాండ్లర్,
అక్టోబర్ 2023

వదినా,

నీ ఉత్తరం వంటింట్లో నిలబడి చదివాను. చదివి అరిచాను. "వదినా" అనే అరిచాను. డాక్టరమ్మ ఆంక్ష ఆ ఒక్క అరుపుతో తెగింది. కొత్త గొంతులోంచి వచ్చిన మొదటి మాట నువ్వే. మేడ మీద మీటింగ్‌లో ఉన్న రాధాకృష్ణ, నూనె గానీ మీద పడిందేమోనని పరిగెత్తుకొచ్చాడు. ఉత్తరం ఆయన చేతికిచ్చాను. చదివి, మళ్ళీ మొదటి పేజీకి తిప్పాడు. "ఇన్నేళ్ళూ ఒక్కతే మోసుకుందా?" అన్నాడు చివరికి.

నీ మీద కోపం వచ్చింది. ఎంత కోపమంటే, నువ్వు ఎదురుగా ఉంటే వాటేసుకుని కొట్టేదాన్ని.

ఇప్పుడొక విషయం విను. కిందటేడు నాకు సిటిజెన్‌షిప్ వచ్చాక మొదటిసారి ఓటు వేశానని ఫొటో పంపాను, గుర్తుందా? ఆ బ్యాలెట్ పొడుగు చూసి కళ్ళు తిరిగాయి. సగం పేర్లు ఎవరివో తెలియదు. ఒక్క ప్రశ్న మాత్రం చదివి, అర్థం చేసుకుని వేశాను. కాగితాలు లేని పిల్లలు మా ఆరిజోనాలోనే హైస్కూల్ చదివి పాసయితే, కాలేజీలో కూడా ఇక్కడివాళ్ళ ఫీజే తీసుకోవాలా, వద్దా అని. "మనం గ్రీన్ కార్డు లైన్లో నిలబడి రాలేదా, మనకెందుకు ఇది?" అన్నాడు రాధాకృష్ణ. నేను నా ఆదివారం పిల్లల మొహాలు తలుచుకుని "అవును" దగ్గర నింపాను. అది నెగ్గింది. ఎవరి పిల్లల కోసమో వేశాననుకున్నాను వదినా. మా ఇంటి మనిషే అలా ఉందని నాకేం తెలుసు!

ఇప్పుడు రాధాకృష్ణ లైన్ సంగతి ఎత్తడం లేదు. "గిరిజ ఏ లైన్లో నిలబడాలో ఒక్కటి చూపించమను చూద్దాం" అంటున్నాడు.

ఆ అరుపుకి డాక్టరమ్మ ఇంకో నెల నోరు మూయించింది కాబట్టి మీ రాష్ట్రం సంగతి కూచుని చదివాను. అక్కడ మాకంటే ఎన్నో ఏళ్ళ ముందు నుంచే ఇలాంటి చట్టం ఉందట. చిన్నపిల్లలకేనా, మన వయసువాళ్ళకి కూడానా, అది మాత్రం నాకు తేలలేదు. అది లాయర్ల ఇంగ్లీషు. నువ్వు మళ్ళీ కాలేజీకి వెళ్ళు. ఎండ సాకు చెప్పకుండా గొడుగు పట్టుకెళ్ళు. రెసిడెంటువా అంటే, "కాదు, కానీ నా సంగతి వినండి" అను. వినేవాళ్ళు ఒక్కరైనా ఉండకపోరు.

డబ్బు మాట ఎత్తలేదు, చూశావా? ఉత్తరం చింపకు.

త్రివేణి


ఫ్రీమాంట్,
నవంబర్ 2023

త్రివేణీ,

గొడుగు పట్టుకునే వెళ్ళాను. నిజంగానే వాన.

కౌంటర్‌లో ఆ అమ్మాయే ఉంది. "నా సంగతి కొంచెం వేరు, ఎవరితోనైనా మాట్లాడాలి" అన్నాను. లోపలికి పంపింది. లోపల మరిసోల్ అని ఒక కౌన్సెలర్. చిన్నదే. నేను కూచోకుండానే "ఐ యామ్ నాట్ ఎ రెసిడెంట్" అనేశాను. కూచుంటే చెప్పలేనేమోనని భయం. ఆ అమ్మాయి లేచి తలుపు వేసింది. అయిపోయింది అనుకున్నాను. కుర్చీ నా పక్కకి జరుపుకుని కూచుంది.

"మీ పిల్లల కోసం అడుగుతున్నారా?"

"కాదు, నాకే."

"ఓ!" అంది. మొహం వెలిగిపోయింది. "కాలిఫోర్నియాలో ఎక్కడైనా స్కూల్లో చదివారా?"

"స్కూల్ లేదు. ఒట్టి అడల్ట్ స్కూల్."

"ఒట్టి అంటారేంటి? అది కూడా స్కూలే!"

చట్టం పిల్లలకే కాదట త్రివేణీ. ఈ రాష్ట్రపు బళ్ళలో మూడేళ్ళకి సరిపడా చదివి ఉండాలి. హైస్కూల్ డిప్లొమా ఇక్కడిదే అయ్యుండాలి. అడల్ట్ స్కూల్లో కూచున్న గంటలు కూడా కలుపుతారు. వయసు అడ్డం కాదు. అవన్నీ ఉంటే కాగితాలు లేకపోయినా ఇక్కడివాళ్ళ ఫీజే.

నేను అక్కడికి ఎందుకు వెళ్ళడం మొదలుపెట్టానో నీకు తెలియదు. మీ అన్నయ్య పోయాక ఇంట్లో గోడలు మీద పడుతున్నట్టుండేది. పొద్దున్నే దేదీప్యని బడి దగ్గర దింపి, తిన్నగా వెళ్ళి ఆ ఇంగ్లీషు క్లాసులో కూచునేదాన్ని. చదువు మీద ప్రేమతో కాదు. పక్కన మనుషులుంటారని. చాలా రోజులు వెనక కుర్చీలో ఏడుస్తూనే కూచున్నాను. ఎవరూ ఏమీ అడిగేవారు కాదు, హాజరు మాత్రం వేసేవారు. ఇప్పుడు ఆ గంటలన్నీ చదువు కింద లెక్కట. ఏడ్చిన గంటలు కూడా! మరిసోల్‌కి ఈ మాట చెప్పి, ఇద్దరం నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నాం.

ఒక్క సందేహం మిగిలింది. కోవిడ్ రోజుల్లో క్లాసులు ఇంట్లో కంప్యూటర్ ముందు విన్నాను. వాటికి హాజరు ఉందో లేదో అడల్ట్ స్కూల్ వాళ్ళు చూసి చెప్పాలి. అవి కలవకపోతే మూడేళ్ళు నిండవు.

ఇంకొకటి, సంతకం. కాగితాలకి దరఖాస్తు పెట్టుకునే వీలు రాగానే పెట్టుకుంటానని ప్రమాణం రాసివ్వాలి. నా స్థితి గురించి నా చేత్తో నేను రాసివ్వడం ఇదే మొదటిసారి. అక్కడ పెట్టలేకపోయాను. ఇంటికి తెచ్చుకుని దేదీప్యకి చూపించాను.

"అమ్మా, నేను ఇక్కడ పుట్టాను కదా. నాకు ట్వెంటీవన్ వస్తే నేనే నిన్ను స్పాన్సర్ చేస్తా. సో ఇది లై కాదు. సైన్ చెయ్యి" అంది, పెద్ద ఆరిందాలాగా. పెట్టాను. అప్పుడు దానికి అనుమానం వచ్చింది. "వెయిట్. ఏ కాలేజ్?" చెప్పాను. వాళ్ళ హైస్కూల్ పిల్లల్ని ఆ కాలేజీలో ఒకటో రెండో క్లాసులు చదవనిస్తారు. వచ్చే జనవరి నుంచి అదీ అక్కడికే వెళ్ళబోతోంది. "ఓ మై గాడ్. అమ్మా, ప్లీజ్, నా ఫ్రెండ్స్ ముందు నువ్వు నన్ను బంగారం అని పిలవద్దు, ఓకే?" అంది.

పిలవనని మాటిచ్చాను. ఇది మాత్రం అబద్ధమే.

గిరిజ


చాండ్లర్,
డిసెంబర్ 2023

వదినా,

ఏమైంది?

మాట్లాడొచ్చని డాక్టరమ్మ చెప్పగానే మొదటి ఫోన్ నీకే చేశాను. నువ్వేమో "ఇంకా తెలియలేదు, తెలిశాక ఉత్తరం రాస్తాను, ఫోన్లో చెబితే ఏడుస్తాను" అని పెట్టేశావు. గొంతొచ్చినా నాకు ఉత్తరాలే గతి!

రాధాకృష్ణ ఆఫీస్ నుంచి రాగానే ఇంట్లోకి కాదు, పోస్టు పెట్టె దగ్గరికి వెళ్తున్నాడు. కరెంటు బిల్లు పట్టుకుని దిగులుగా లోపలికొస్తున్నాడు. నిన్న నేను రాకముందే నీ కవరు అనుకుని ఎవరిదో పెళ్ళి శుభలేఖ చింపేశాడు.

ఒక్క ముక్క రాయి. అవునో, కాదో. కాదైతే ఇద్దరం కలిసి తిడదాం, నా దగ్గర కొత్త గొంతుంది.

త్రివేణి


ఫ్రీమాంట్,
జనవరి 2024

త్రివేణీ,

అవును!

ఈ ఒక్క ముక్కా రాసి కవరు అంటించేద్దామనుకున్నాను, నువ్వు చంపేస్తావని మిగతాది రాస్తున్నాను. కంప్యూటర్ ముందు విన్న క్లాసులకి కూడా హాజరు వేశారట. గంటలు నిండాయి, నిండి ఇంకా పైకి పొర్లాయట. మరిసోల్ ఫోన్ చేసి "కంగ్రాచ్యులేషన్స్, ఇన్-స్టేట్!" అని అరిచింది. అంటే ఇక్కడివాళ్ళ ఫీజే. అప్పుడు నేను దోసె వేస్తున్నాను. దోసె మాడి, పొగ లేచి, అలారం మోగింది. ప్రియకి ఆ మోత వినపడదు కదా, నేను గెంతడమే కనపడింది. అదీ నాతో కలిసి గెంతింది. నేను కూడా బడికి వెళ్తున్నానని చేతులతో చెప్పాను. అది అనుమానంగా చూసి, "నీ బ్యాగు ఏది?" అని అడిగింది. ఆ ప్రశ్న నాకు ఒక్కసారికే అర్థమయింది.

సోమవారం మొదటి క్లాసు. ఆ టీచరుకి వినపడదు. క్లాసులో ఎవరూ నోరు విప్పకూడదని బోర్డు మీద రాసింది. నిన్ను తలుచుకున్నాను. చుట్టూ దేదీప్య ఈడు పిల్లలు. వాళ్ళు భయంతో బిక్కచచ్చి ఉన్నారు, నాకేమో హాయిగా ఉంది. నోరు మూసుకుని ఉండటం నాకు కొత్తా?

టీచరు ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి ఏదో అడుగుతోంది. నా ముందు ఆగి, నావైపు చూపించి, చూపుడువేలు అటూ ఇటూ ఆడించింది. మనకి ఆ వేలు అలా ఆడిస్తే వద్దు, తప్పు అనే కదా. ఎవరో ఏదో చెప్పేశారు, బయటికి వెళ్ళమంటోంది అనుకున్నాను. బ్యాగు మీద చెయ్యి కూడా వేశాను. ఆవిడ నవ్వి మళ్ళీ అడిగింది, నెమ్మదిగా. రెండు చేతులూ ఒంటి మీదుగా పైకి జరిపి, తర్వాత ఆ వేలు. అప్పుడు ప్రియ చేతులు గుర్తొచ్చాయి. వద్దని కాదు, ఎక్కడ అని. ఎక్కడ ఉంటావు అని అడుగుతోంది, అంతే.

ఎవరైనా ఈ మాట అడిగితే నేను ఎన్నేళ్ళుగా తప్పించుకుంటున్నానో. షాపులో, బస్సులో, పార్కులో. లేచి నిలబడ్డాను. వేళ్ళతో ఒక్కొక్క అక్షరమే కట్టాను. ఫ్రీమాంట్. ఒక అక్షరం తప్పుపోతే ఆవిడ నా వేలు సర్దింది. ఇంకోసారి కట్టాను, ఈసారి తప్పులేకుండా. ఆవిడ రెండు చేతులూ గాల్లోకెత్తి ఆడించింది. వాళ్ళ చప్పట్లు అవి. క్లాసంతా అలాగే చేసింది. ఊరి పేరు చెప్పినందుకు చప్పట్లు!

బయటికొస్తే మెట్ల దగ్గర దేదీప్య స్నేహితులతో నిలబడి ఉంది. నేను మాటిచ్చినట్టే ఏమీ పిలవకుండా పక్క నుంచి వెళ్ళిపోతున్నాను. అదే వెనక నుంచి అరిచింది. "అమ్మా! క్లాస్ ఎలా ఉంది? గైస్, దిస్ ఈజ్ మై మామ్, షీ గోస్ హియర్" అని.

గిరిజ


చాండ్లర్,
జనవరి 2024

వదినా,

నీ ఉత్తరం రాధాకృష్ణకి పైకి చదివి వినిపించాను. "ఫ్రీమాంట్" దగ్గరికి వచ్చేసరికి నా గొంతు మళ్ళీ పోయింది. దీనికి డాక్టరమ్మ అక్కర్లేదు. ఆయన కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ తుడిచి, "కార్‌కి ఆయిల్ చేంజ్ చేయించాలి" అన్నాడు. ఇప్పుడెందుకన్నాను. "నువ్వెలాగూ ఆగవు కదా. వీకెండ్ వెళ్దాం" అన్నాడు.

నువ్వు రాలేకపోతే మేం రాలేమా? శుక్రవారం పొద్దున్నే బయల్దేరుతున్నాం. నా ఆదివారం పిల్లలకి సెలవిచ్చేశాను. కారు వెనక సీట్లో గోంగూర పచ్చడి, సున్నుండలు, ప్రియకి ఒక పట్టులంగా, నీకు గృహప్రవేశం నాడు పెట్టాల్సిన చీర. రాధాకృష్ణ దార్లో పాడుకోవడానికి పాటలు ఏరుతున్నాడు. నేనూ పాడతానన్నాను. వద్దన్నట్టు వేలు ఆడించాడు. "ఎక్కడికా? ఫ్రీమాంట్‌కి!" అన్నాను.

నీకు చెప్పకుండా వస్తున్నాం. దేదీప్యకి మాత్రం తెలుసు, నువ్వు ఇంట్లో ఉండేలా చూసుకుంటానంది.

అందుకని ఈ ఉత్తరం పోస్టు చెయ్యడం లేదు. నీ గుమ్మంలో నిలబడి నేనే నీ చేతికిస్తాను. నువ్వు చదువుతున్నంతసేపూ ఒక్క మాట మాట్లాడకుండా ఎదురుగా నిలబడతాను. ఎంత కష్టమో నీకు తెలుసుగా.

చదవడం అయిందా?

అయితే తలెత్తు.

త్రివేణి